ఒంగోలులో మా లాయరు గారి ఆఫీసు: మూడేళ్లు తిరిగిన మనిషిగా నా మాట

మాది టంగుటూరు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన తాపీ పని చేసేవారు. 2022 ఆగస్టు 18, గురువారం సాయంత్రం కావలిలో పని ముగించుకుని బండి మీద ఇంటికి వస్తుంటే హైవే మీద వెనక నుంచి లారీ గుద్దింది. ఆయనకు 41 ఏళ్లు. పాపకు 11, బాబుకు 8. అత్తగారు మాతోనే ఉంటారు. నష్టపరిహారం డబ్బు బ్యాంకులో పడింది 2025 సెప్టెంబరులో. అంటే మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లూ మా కేసు చూసిన లాయరు గారి గురించి రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదట. ఆ మాటకు విలువిచ్చి పేరు రాయడం లేదు.

పెద్దకర్మ కాకముందే ఇద్దరు మనుషులు ఇంటికొచ్చారు. కేసు వాళ్లే చూసుకుంటామని, వచ్చినదాంట్లో మూడో వంతు తమదని తెల్లకాగితాలు ముందు పెట్టారు. మా తమ్ముడు సంతకం పెట్టించేవాడే, అత్తగారు అడ్డం పడ్డారు. తర్వాత లారీ తరఫున ఒకాయన వచ్చి రెండు లక్షలిస్తాం, రాజీకి రమ్మన్నాడు. మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే మొదటి నెలలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అప్పుడు మన తల మన దగ్గర ఉండదు.

మా వీధిలో ఒకాయన చెబితే ఈ సార్ దగ్గరికి వెళ్లాం. పర్సంటేజీ మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పమ్మా అని మొదటి రోజే చెప్పారు. 60 వేలకు ఒప్పుకున్నారు, అదీ విడతలుగా. కావలి కోర్టు చుట్టూ తిరగాలేమోనని భయపడ్డాను. ప్రమాదం ఎక్కడ జరిగినా, మనం ఉండే చోట ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూసే కోర్టు, అంటే ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చని, ఒంగోలులోనే వేద్దామని అన్నారు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు వేరు, అది కావలిలో దాని దారిన అది నడుస్తుంది, దాని కోసం మనం ఆగక్కర్లేదన్నారు. నిజంగానే అది ఇప్పటికీ తేలలేదు, మా కేసు ముగిసిపోయింది.

మోటారు వాహనాల చట్టం మారాక, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండిని చూసిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు, చార్జిషీటు, లారీ ఆర్సీ, ఇన్సూరెన్సు కాపీ, మా కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, ఇవన్నీ పోగేసేసరికి నాలుగు నెలలు పట్టింది. డిసెంబరులో వేశారు.

అయితే సార్ మొదటి రోజు ఎక్కువసేపు అడిగింది లారీ గురించి కాదు. "మీ ఆయనకు కూలి ఎవరిచ్చేవారు? ఎక్కడ రాసేవారు?" అనే. నాకు కోపం కూడా వచ్చింది, మనిషి పోతే కూలి లెక్క అడుగుతారేంటని. పెద్ద మేస్త్రీ గారి దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉంటుందని చెప్పాను. "అమ్మా, ఆ పుస్తకం ఎక్కడికీ పోకుండా చూడండి" అన్నారు. నేను ఈ సార్‌ని మెచ్చుకునేది ముఖ్యంగా ఆ ఒక్క మాటకే.

నోటీసులు అందడానికి, ఇన్సూరెన్సు వాళ్లు కౌంటర్, అంటే మా పిటిషన్‌కు జవాబు, వేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. కౌంటర్‌లో ఏముందో సార్ తెలుగులో చదివి వినిపించారు. తప్పు మా ఆయనదేనట, నెలకు ఎనిమిది వేలు కూడా సంపాదించేవాడు కాదట, లారీ డ్రైవరు లైసెన్సు చెల్లదట. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. "అందరి కేసుల్లోనూ ఇవే రాస్తారమ్మా, మీ ఆయన్ని చూసి రాసింది కాదు" అన్నారు సార్. ఆ మధ్యలోనే లోక్ అదాలత్‌లో 13 లక్షలిస్తామన్నారు. అక్కడ రాజీ పడితే వెంటనే వస్తుంది, మళ్లీ అప్పీలు ఉండదు, పూర్తిగా నడిపితే ఎక్కువ రావచ్చు కానీ ఇంకో రెండేళ్లు అనుకోండి అని రెండూ చెప్పి, నిర్ణయం మాకే వదిలేశారు. అత్తగారు, నేను వారం ఆలోచించి వద్దన్నాం.

2023 నవంబరులో నేను బోనెక్కాను. ముందు రోజు సార్ ఆఫీసులో గంటసేపు కూర్చోబెట్టారు. "తెలిసింది చెప్పండి, తెలియకపోతే తెలియదనండి, ఏడుపొస్తే మంచినీళ్లు అడగండి." ప్రమాదం మీరు చూశారా అని అవతలి లాయరు అడిగితే చూడలేదన్నాను. తర్వాత వరసగా, ఫలానాది నిజం, ఫలానాది నిజం అంటుంటారు, మనం కాదు అనాలి. "నా భర్త నెలకు ఎనిమిది వేలు కూడా సంపాదించేవాడు కాదు అనడం నిజం కాదు." టైపు చేసిన కాగితంలో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.

కళ్లారా చూసిన టీకొట్టాయన రెండు వాయిదాలు రాలేదు, మూడోసారి వచ్చాడు. లారీ వెనక నుంచి కొట్టిందని ఆయన చెప్పడం, చార్జిషీటులోనూ అదే ఉండటంతో మా ఆయన తప్పు అన్న మాట నిలబడలేదు. 2024 జులైలో పెద్ద మేస్త్రీ గారు పుస్తకం పట్టుకుని వచ్చారు. అట్ట మీద సిమెంటు మరకలు. ప్రతి మనిషికీ ఒక వరస, వారానికి ఆరు గళ్లు, పనికొచ్చిన రోజు టిక్కు, శనివారం ఇచ్చిన డబ్బు, పక్కన సంతకం. మా ఆయన సంతకం చివర ఒక గీత లాగేవారు. రోజుకు 750, నెలకు ఇరవై రెండు రోజులకు తగ్గలేదు. చివరి వారంలో సోమవారం ఆగస్టు 15 సెలవు. మంగళ, బుధ, గురు మూడు టిక్కులు. తర్వాత ఖాళీ.

లైసెన్సు సంగతి తేల్చడానికి ఆర్టీఓ ఆఫీసు నుంచి గుమాస్తా రికార్డు పట్టుకుని రావడానికే ఐదు నెలలు పోయాయి. లైసెన్సు చెల్లుతుందని తేలింది. 2025 ఏప్రిల్‌లో తీర్పు.

కోర్టు ఆదాయాన్ని నెలకు 15,000గా తీసుకుంది. సొంతంగా పని చేసుకునే మనిషి, వయసు 40 దాటింది కాబట్టి, ముందుముందు పెరిగేదానికి నాలుగో వంతు కలిపారు. 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ కేసులో చెప్పిన లెక్క అది. 18,750 అయింది. ఆయన మీద ఆధారపడ్డవాళ్లం నలుగురం, అందుకని ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేశారు. ఏడాదికి 1,68,750. 41 ఏళ్లకు 14తో గుణించాలని 2009 నాటి సరళా వర్మ తీర్పు. 23,62,500. నలుగురికీ మనిషిని పోగొట్టుకున్నందుకు 48,400 చొప్పున, అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి 18,150 చొప్పున కలిపి మొత్తం 25,92,400. పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ. అదే ఎనిమిది వేల ఆదాయమే ఖాయం చేసి ఉంటే మొదటి లెక్క 12,60,000 దగ్గరే ఆగేది. ఆ పుస్తకం విలువ ఎంతో చూడండి.

నెలలో కట్టమన్నారు, కట్టలేదు. తొంభై రోజుల అప్పీలు గడువు అయ్యేదాకా నాకు నిద్ర లేదు, హైకోర్టుకు వెళ్తే ఇంకెన్నేళ్లో అని. వెళ్లలేదు. సార్ ఇ.పి., అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేశాక ఆగస్టులో కోర్టులో జమ చేశారు. ఆ డబ్బు మాకిమ్మని అడిగే చెక్ పిటిషన్ అయ్యి సెప్టెంబరులో మా చేతికొచ్చింది. పిల్లల వాటా 18 ఏళ్లు నిండేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంటుంది.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, కోర్టు వేళల్లో ఫోను ఎత్తరు, ఒకసారి జూనియర్ ఫైలు తేకుండా వచ్చి టైము అడిగితే వాయిదా రెండు నెలలు వెనక్కిపోయింది. ఆ రెండు నెలల్లో అప్పులకు నేను కట్టిన వడ్డీ నాకే తెలుసు. సార్‌తో చెబితే తప్పు ఒప్పుకున్నారు. కానీ ప్రతి వాయిదా సాయంత్రం, ఈ రోజు ఏం జరిగింది, వచ్చేసారి ఏం జరుగుతుంది, ఎవరు రావాలి అని గుమాస్తా గారు మెసేజ్ పెట్టేవారు. మూడేళ్లలో ఒక్కసారీ మానలేదు. అది లేకపోతే ఎదురుచూడటం నా వల్ల అయ్యేది కాదు. వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున్నే వెళ్లండి. కాగితాలన్నీ రెండు సెట్లు జిరాక్సు తీసుకెళ్లండి. కూలి పనివాళ్లయితే, కూలి రాసిన చీటీ ఏదైనా సరే, చింపకండి.

మేస్త్రీ గారి పుస్తకం కోర్టులోనే ఉండిపోయింది. మిగతా కూలీల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి పాపం. దాన్ని వెనక్కి ఇప్పించమని సార్ వేరే పిటిషన్ వేశారు, దానికి డబ్బు తీసుకోలేదు. మొన్న వచ్చింది. మేస్త్రీ గారికి ఇచ్చేముందు ఆ మూడు టిక్కులున్న పేజీ ఫోటో తీసి పెట్టుకున్నాను.