8×42 బైనాక్యులర్: గోదావరి గట్ల మీద ఆరేళ్ళ వాడకం తర్వాత

ఇది డబ్బా విప్పిన రోజు రాసే సమీక్ష కాదు. ఆరు సార్వాలు, ఆరు దాళ్వాలు గడిచాక, ఉప్పుగాలీ చెమటా తేమా కలిసి ఒక బైనాక్యులర్‌ని ఏం చేస్తాయో చెప్పే సమీక్ష. బ్రాండు పేరు రాయడం లేదు. పది పదిహేను వేల ధరలో దొరికేవాటిలో చాలావరకు లోపలి భాగాలూ ఇవే, పట్టే జబ్బులూ ఇవే.

ముందే చెప్పేస్తాను. కోనసీమలోనో కాకినాడ వైపో ఉంటూ, పిట్టలకీ విమానాలకీ కలిపి ఒక్కటే కొనాలంటే 8×42 కొనండి. షాపువాడు పక్కనే 10×50 పెట్టి "ఇది ఇంకా దగ్గరగా చూపిస్తుంది సార్" అంటాడు. అబద్ధం కాదు గానీ, ఆ రెట్లతో పాటు చేతి వణుకునూ పెంచి చూపిస్తుందన్న మాట మాత్రం చెప్పడు.

లెక్క ఇలా ఉంటుంది. 8 అంటే ఎన్ని రెట్లు పెంచేదీ, 42 అంటే ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంటి దగ్గర పడే వెలుగు చుక్క వెడల్పు అది. 10×50కి అదే లెక్క వేస్తే 5. అంటే తెల్లవారుజాము మసక వెలుతురులో రెండూ ఇంచుమించు ఒకటే. తేడా బరువులో ఉంది: మొదటిది 700 గ్రాముల లోపు, రెండోది కిలోకి దగ్గర. చూపు వైశాల్యంలోనూ ఉంది: కిలోమీటరు దూరాన 8×42లో సుమారు 130 మీటర్ల మేర కనిపిస్తే, 10×50లో 110 మీటర్లకు అటూ ఇటూ. ఎగిరే పిట్టను పట్టుకోవడానికి ఆ ఇరవై మీటర్లే ప్రాణం. కోరంగి మడ అడవుల్లో పడవ ఎక్కారంటే 10 రెట్లలో పిట్టకంటే ఊపే ఎక్కువ కనిపిస్తుంది.

కొన్న రోజే చేయాల్సిన అమరిక ఒకటుంది. చాలామంది చేయరు, చేయకుండానే "మసగ్గా ఉంది" అని తిట్టుకుంటారు. రెండు గొట్టాలనూ దగ్గరకీ దూరానికీ మడిచి, రెండు వలయాలు కలిసి ఒకటే గుండ్రంగా కనిపించేచోట ఆపండి. కుడివైపు కటకాన్ని మూత పెట్టి, ఎడమ కన్నుతో దూరంగా ఉన్న సెల్ టవర్ మీదికి మధ్య చక్రం తిప్పి స్పష్టం చేయండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అదే టవర్‌ను స్పష్టం చేయండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో అక్కడ గోళ్ళరంగుతో చుక్క పెట్టండి. సంచిలో ఒరుసుకుని ఈ రింగు జరుగుతూనే ఉంటుంది, రెండో ఏడు దాటితే మరీ వదులవుతుంది. మధ్య చక్రం మీద ఇంకో చుక్క, సెల్ టవర్ స్పష్టంగా కనిపించే స్థానానికి. విమానాలకు ఆ చుక్క చాలు, పైకెత్తాక చక్రం తిప్పుతూ కూర్చుంటే అది తాటిచెట్ల వెనక్కి పోతుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు ఐకప్‌లను కిందికి తిప్పి వాడాలి, లేనివాళ్ళు పైకి. కన్నుకీ కటకానికీ మధ్య ఎంత దూరం వరకు పూర్తి చిత్రం కనిపిస్తుందో డబ్బా మీద రాసి ఉంటుంది. అది 15 మి.మీ. కంటే తక్కువైతే కళ్ళజోడుతో అంచులు నల్లబడతాయి. నా దానికి 16, సరిపోయింది.

ఇక ఆకాశం సంగతి. ఎత్తులో ఎగిరే పిట్టలో ముందు తెలిసేది రంగు కాదు, ఆకారం. అక్కడ ఈ 8 రెట్లు పూర్తిగా న్యాయం చేశాయి. మొదట మెడ చూడాలి. తెల్లకొంగలూ చిత్తకొంగలూ మెడను మడిచి భుజాల్లోకి లాక్కుని ఎగురుతాయి. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ, కంకణం పిట్టలు, నీటికాకులు మెడ చాచి ఎగురుతాయి. గూడబాతు అంత పెద్ద ముక్కు పెట్టుకుని మెడ మడుస్తుంది. ఫ్లెమింగో అయితే మెడా కాళ్ళూ రెండూ చాచి, రెండువైపులా కర్ర దూర్చినట్టు పోతుంది.

పొద్దున తొమ్మిదిన్నర దాటి నేల వేడెక్కాక గాలి పైకి లేస్తుంది. నత్తగుల్ల కొంగలూ గూడబాతులూ రెక్క ఆడించకుండా ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ చుక్కలయ్యేదాకా ఎక్కుతాయి. కంటికి దోమల గుంపులా ఉన్నదాన్ని ఇందులోంచి చూస్తే తెల్లటి ఒంటికి నల్లటి రెక్క అంచులు, నల్ల తోక కనిపిస్తాయి: నత్తగుల్ల కొంగలే. అదే రెక్కకు తోడు రొమ్ము మీద నల్ల పట్టీ, పసుపు ముక్కు ఉంటే ఎర్రకాళ్ళ కొంగ. దమ్ము చేసే చేలో ట్రాక్టరు వెంట నడిచే గుంపును ముందు చూసి పెట్టుకోండి, పైన గుర్తుపట్టడం తేలికవుతుంది.

గద్దకీ గరుడపక్షికీ తేడా తోకలో ఉంది. గద్ద తోక చివర లోపలికి చీలి ఉంటుంది, గరుడపక్షిది గుండ్రం. పెద్దదైతే తలా రొమ్మూ తెలుపు, ఒళ్ళు ఇటుక రంగు, ఇక సందేహమే లేదు. పిల్లది గోధుమరంగులో గద్దలాగే మోసం చేస్తుంది, అప్పుడు తోకే దిక్కు. గోదావరి వైనతేయ పాయ గట్టున ఈ రెండూ ఎప్పుడూ ఉంటాయి. వైనతేయుడంటే గరుత్మంతుడే కదా, పేరు పెట్టినవాళ్ళు తల పైకెత్తి చూసే పెట్టారేమో అనిపిస్తుంది. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, కోరంగి వైపు, తెల్లటి పొట్టతో రెక్కలు కాస్త పైకెత్తి వంచిన పెద్ద డేగ కనిపిస్తే అది సముద్రపు గద్ద. దాని పొట్టి తోక చివర కోణంగా ఉంటుంది.

విమానాలకు ఇది పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. 11 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తిన పోయే ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37.57 మీటర్లు. ఉత్త కంటికి అది చందమామ వెడల్పులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 8 రెట్లలో చందమామకు మూడింతలు. ఇంజన్లు లెక్కపెట్టడానికి, రెక్క కొసలు పైకి తిరిగి ఉన్నాయో లేదో చూడటానికి, పొట్ట మీది రంగు గుర్తుపట్టడానికి అది చాలు. అక్షరాలు చదవాలనుకుంటే మాత్రం ఆశ వదులుకోండి.

విమానాన్ని వెతకడంలో అందరూ చేసే తప్పు ఒకటే, చప్పుడు వచ్చిన వైపు చూడటం. అంత ఎత్తు నుంచి చప్పుడు కిందికి దిగడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయేది 8 కిలోమీటర్లు ముందుకు జరిగిపోతుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. చప్పుడు నడినెత్తిన వినిపిస్తే, అది పోయే దిక్కుకు మూడున్నర పిడికిళ్ళు ముందు చూడండి. ముందు ఉత్త కంటితో పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కంటి దగ్గరికి తేవాలి. బైనాక్యులర్‌తోనే ఆకాశం దువ్వితే దొరకదు. పిట్టలకూ ఇదే పద్ధతి.

విశాఖ నుంచి బెంగళూరుకు గీత గీస్తే కోనసీమ మీదుగా పోతుంది, విశాఖ నుంచి చెన్నైకి గీస్తే తీరానికి అవతల సముద్రం మీదుగా. ఎత్తున పోయేవాటిలో కొన్ని ఆ దారివే. కిందుగా దిగేవి రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడివి. రాజమహేంద్రవరానికి ఏళ్ళ తరబడి వచ్చింది ఏటీఆర్-72: పొట్ట పైన రెక్క, ఆరు ఆకుల పంఖాలు, తోక కొమ్ము మీద అడ్డరెక్క. రన్‌వే 3,165 మీటర్లకు పొడిగించాక ఎయిర్‌బస్‌లూ దిగుతున్నాయి. రెక్క పైనే ఉండి, రెండు పంఖాలుండి, తోక అడ్డరెక్క మాత్రం కిందే ఉన్న పొట్టి విమానం తీరం వెంట పోతే అది గస్తీ తిరిగే డోర్నియర్-228. బోయింగ్ 737లా ఉండి బూడిదరంగులో, కిటికీల వరస లేకుండా, రెక్క కొసలు పైకి లేవకుండా వెనక్కి వాలి ఉంటే నౌకాదళం సముద్ర గస్తీ విమానం పీ-8ఐ. అన్నట్టు విశాఖలో నౌకాదళ విమాన స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ, అరక్కోణంది రాజాళి, కొచ్చిది గరుడ. నౌకాదళంలోనూ పిట్టలు చూసేవాళ్ళు ఎవరో ఉన్నారు.

ఫోన్లో విమానాలు చూపే యాప్ తోడుంటే పేరు, ఎత్తు, ఎక్కడి నుంచి ఎక్కడికో తెలిసిపోతుంది. విమానమే 1090 మెగాహెర్ట్జ్ మీద తన వివరాలు పంపుతుంటే, నేల మీది రిసీవర్లు పట్టి యాప్‌కు చేరుస్తాయి. మిలిటరీవి చాలావరకు అందులో కనిపించవు, తెర మీద లేదంటే పైన లేదని కాదు. రాత్రిళ్ళు యాప్ లేకున్నా దీపాలు చెబుతాయి: ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎరుపు మీకు కుడిచేతి వైపున, ఆకుపచ్చ ఎడమవైపున ఉంటే మీ వైపే వస్తున్నట్టు.

మెడనొప్పికి మందు డాబా మీద మడత మంచం. మోచేతులు రొమ్ముకు ఆనించి పడుకుంటే వణుకు సగానికి సగం తగ్గుతుంది. పగలు సూర్యుడున్న వైపుకు మాత్రం తిప్పకండి, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం: తేమ. నత్రజని నింపినది, నీరు చొరనిది అన్న మాట వానకు నిజం. బూజుకు కాదు. ఐకప్ కింద, కటకం బయటి అంచున తేమ నిలిచి, మూడో వానాకాలానికి సాలెగూడు పోగుల్లా పుట్టింది. పెద్ద కటకం వైపు నుంచి టార్చి వేసి చిన్న కటకం వైపు చూస్తేనే కనిపిస్తుంది. దానితో వచ్చిన తోలు సంచే బూజుకు పుట్టిల్లు, మొదటిరోజే తీసి పక్కన పెట్టండి. రబ్బరు వాషరున్న అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో వంద గ్రాముల సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. అంకె 45, 50 మధ్య ఉంటే చాలు. నారింజరంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే పాత మూకుట్లో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. ఆ మూకుడు ఇక వంటకు వాడొద్దు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. తేమ సంగతేమో గానీ తవుడు దుమ్ము చక్రంలోకి దూరుతుంది.

అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల తిరిగి వచ్చిన రోజు పొడిగుడ్డ పెట్టి తుడవకండి. ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఒంటిని అద్ది, ఆ తర్వాతే కటకాలకు లెన్స్ ద్రవం, మైక్రోఫైబర్ గుడ్డ. భుజం మీది తువ్వాలు ఎంత మెత్తగా ఉన్నా వద్దు. అయిదో ఏట ఒంటి రబ్బరు జిగటపడటం మొదలైంది. అది రబ్బరు ముసలితనం, తుడిస్తే పోదు. మెడపట్టీ చెమటకు రెండేళ్ళకే గట్టిపడింది, వెడల్పాటిది విడిగా కొన్నాను.

కిందపడితే అద్దం పగలకపోయినా లోపలి ప్రిజం జరుగుతుంది. దూరపు కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ని కంటి నుంచి జానెడు వెనక్కి తీసుకోండి. రెండు వలయాల్లో తీగ ఒకే ఎత్తున ఉంటే బాగున్నట్టు. ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే పది నిమిషాల్లో తలనొప్పి ఖాయం. దాన్ని సరిచేసేవాళ్ళు మన చుట్టుపక్కల దొరకరు, సొంతంగా విప్పితే మళ్ళీ కలవదు. వాడినది కొనేటప్పుడు ఈ పరీక్షా, టార్చి పరీక్షా రెండూ చేయనిదే డబ్బులివ్వొద్దు.

దీనికి చేతకానిదీ ఉంది. కోరంగి బురదమేటల మీద మూడొందల మీటర్ల అవతల తిరిగే చిన్న ఉల్లంకి పిట్టలు ఇందులో ఉత్త బూడిద చుక్కలే. వాటికి స్టాండు మీది స్పాటింగ్ స్కోపు, అంటే ఒంటి గొట్టం దూరదర్శిని, కావాలి. దాన్లోనూ పొద్దున తొమ్మిది దాటాక నేల ఆవిరికి 30 రెట్ల పైన అంతా నీళ్ళలో కదిలినట్టు ఉంటుంది. స్కోపు కొనలేకపోతే పోటును వాడుకోండి: నీళ్ళు నిండడానికి రెండు గంటల ముందు వెళితే మేటలు మునిగేకొద్దీ పిట్టలే గట్టు దగ్గరికి జరుగుతాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, నిన్నటి వేళకు అది కలిపి బయల్దేరితే సరిపోతుంది. వలస పిట్టలకు అక్టోబరు నుంచి మార్చి. వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలిన మడుగుల దగ్గర కూర్చుంటే 8×42 కూడా ఎక్కువే, కొంగలు కంటికే కనిపిస్తాయి.