మూడేళ్ల పెన్ టాబ్లెట్, ఏడిపించిన నిబ్

డిజిటల్ బొమ్మలు మొదలుపెట్టడానికి ఎంత ఖర్చవుతుందని నన్ను అడిగేవాళ్లంతా టాబ్లెట్ గురించే అడుగుతారు. మూడేళ్లు వాడాక నాకు చెప్పాలనిపించేది నిబ్ గురించి. పెన్ను కొసన ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టినంత టెన్షన్ నన్ను ఇంకేదీ పెట్టలేదు.

నాది స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్, చిన్న సైజు. పలక మీద పెన్నుతో గీస్తే బొమ్మ లాప్‌టాప్ స్క్రీన్ మీద కనబడుతుంది. లాప్‌టాప్ ఇంట్లో ఉన్నదే. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా, అది ఉచితం. కాబట్టి టాబ్లెట్ కొనడంతో ఖర్చు అయిపోయిందనుకున్నాను. పెట్టెలో కొన్ని అదనపు నిబ్బులు, వాటిని ఊడదీసే చిన్న రింగు వచ్చాయి. సొరుగులో పెట్టి మర్చిపోయాను.

నాలుగో నెలలో ఒక సాయంత్రం జుట్టు గీస్తున్నాను. పైనుంచి కిందికి లాగిన ప్రతి గీతా ఒకేచోట తడబడుతోంది. టాబ్లెట్‌ను లాప్‌టాప్‌తో పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. చేతి వణుకు గీతలో కనబడకుండా సరిచేసే బ్రష్ స్టెబిలైజర్ పెంచాను. విండోస్‌లో పెన్ను కోసం ఉండే విండోస్ ఇంక్ ఆపి చూశాను. రెండు రోజులు ఇలాగే పోయాయి. చివరికి టాబ్లెట్‌ను కిటికీ వెలుగులో వాల్చి చూస్తే కనబడింది, సరిగ్గా నడిమధ్యన సన్నని గాడి. పెన్ను తిప్పి చూశాను. గుండ్రంగా ఉండాల్సిన నిబ్ ఒకవైపే అరిగి ఉలి మొనలా తయారైంది. పెన్ను ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుంటాను కదా, ఆ వైపే అరిగింది. ఆ పదునైన అంచే పలకను గీరేసింది. ఇష్టంగా కొనుక్కున్న వస్తువు కదా, నిజంగా ఏడుపొచ్చింది.

కొత్త నిబ్ పెట్టినా లాభం లేకపోయింది, అదీ వెళ్లి ఆ గాడిలోనే పడేది. పెట్టెలో వచ్చినవన్నీ అరిగిపోయాక వేరే మోడల్ నిబ్బులు తెప్పించాను. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కానీ మా పెన్నులో వదులుగా ఊగాయి. ఆ డబ్బు పోయినట్టే.

దారి చూపింది ఆ పెన్ను పనిచేసే పద్ధతే. అందులో బ్యాటరీ లేదు. పలక కింద ఉన్న తీగల నుంచి వచ్చే విద్యుదయస్కాంత సంకేతానికి పెన్నులోని తీగచుట్ట స్పందిస్తుంది. అందుకే మొన పలకకు కాస్త పైన ఉన్నా స్క్రీన్ మీద పాయింటర్ కదులుతుంది. అంటే మధ్యలో పల్చటి షీటు ఉన్నా దానికి పట్టింపు లేదు. ఒక పారదర్శక ప్లాస్టిక్ షీటును పలక సైజుకు కత్తిరించి అంచుల్లో టేపు వేశాను. గాడి దాని కిందకు పోయింది, గీత మళ్లీ సాఫీగా వచ్చింది. కాగితం కూడా వేసి చూశాను. పెన్సిల్‌తో గీసినట్టే హాయిగా ఉంటుంది కానీ గరుకుదనం వల్ల నిబ్ ఇంకా త్వరగా అరుగుతుంది.

అసలు తప్పు నా చేతిలోనూ ఉంది. కాగితం మీద నొక్కి గీసే అలవాటు నాది. క్రిటా సెట్టింగ్స్‌లో టాబ్లెట్ దగ్గర ప్రెషర్ కర్వ్ ఉంటుంది, ఎంత నొక్కితే గీత ఎంత లావుగా రావాలో చెప్పే వంపు గీత అది. దాన్ని కొద్దిగా పైకి వంచాక తేలిగ్గా తాకినా లావు గీత వస్తోంది. నిబ్‌ను కూడా అప్పుడప్పుడు లాగి, కాస్త తిప్పి పెడుతున్నాను. ఇప్పుడు ఒక్కోటి ఏడెనిమిది నెలలు వస్తోంది.

కొత్తలో 8192 ప్రెషర్ లెవెల్స్ గురించి, అంటే పెన్ను గుర్తించే నొక్కుడు స్థాయిల గురించి అందరికీ గొప్పగా చెప్పాను. ఆ కర్వ్ సరిచేసుకున్నాక తెలిసిన తేడా ఆ అంకె వల్ల నాకెప్పుడూ తెలియలేదు. క్రిటా ఉచితం అన్న మాటకూ చిన్న సవరణ ఉంది. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480×3508 పిక్సెళ్లు, నిండా రంగు వేసిన ఒక్కో లేయర్‌కు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే పొరకు, దాదాపు 35 ఎంబీ మెమరీ. ఇరవై లేయర్లు దాటేసరికి నా పాత లాప్‌టాప్ ఆగి ఆగి నడిచేది. చివరికి డబ్బు పెట్టి ఆ మెమరీ, అంటే ర్యామ్, పెంచక తప్పలేదు.

నేను రాత్రి ఒక గంట బల్ల దగ్గర కూర్చుని, ఎక్కువగా గీతల బొమ్మలే వేస్తాను. ఆ మాత్రానికి ఇది చాలా బాగుంది, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇలాంటిదే కొంటాను, షీటు మాత్రం మొదటి రోజే వేస్తాను. కంప్యూటర్ కూడా కొత్తగా కొనాల్సిన వాళ్లయితే ముందు ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే బొమ్మలు గీసే యాప్‌తో కొన్నాళ్లు గీసి చూడండి. చేతిని కాకుండా స్క్రీన్‌ను చూస్తూ గీయడం నాకు అలవాటు కావడానికే రెండు వారాలు పట్టింది, అది కుదరని వాళ్లూ ఉంటారు. గాడి ఇంకా షీటు కింద అలాగే ఉంది. షీటు మాత్రం ఇప్పటికి రెండుసార్లు మార్చాను.