మోడు చిగురించనివ్వడమా, జామాయిలు నాటడమా: మన అడవికి ఏది మేలు?

మా అమ్మమ్మ వాళ్ల ఊరు కొత్తగూడెం వైపు. ఊరి వెనక గుట్ట మీద ఒకే జాగాలో రెండుసార్లు మొక్కలు నాటడం కళ్లారా చూశాను. మొదటిసారి నాటినవి ఆ ఎండాకాలం దాటలేదు. రెండోసారి పాత గుంతల పక్కనే కొత్త గుంతలు తవ్వుతుంటే, కూలికి వచ్చిన ఒక తాత గడ్డపార ఆపి "ఇక్కడ మద్ది వేరు తగుల్తోందిరా, బతికే ఉంది" అన్నాడు. మట్టి తీసి చూస్తే వేరు తడిగా, పచ్చివాసనతో ఉంది. పైన మోడు మాత్రం జానెడే, వచ్చిన చిగురు వచ్చినట్టే మేకలు కొరికేసి చీపురుకట్టలా మిగిల్చాయి. గుంతల లెక్క పూర్తి చేయాలి కాబట్టి ఆ వేరు నరికేసి, అందులో నర్సరీ మొక్క పెట్టారు. ఎన్నేళ్ల వేరో అది!

అడవి పెంచి గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని మన దేశం 2015లోనే ప్రపంచానికి మాట ఇచ్చింది. మంచిదే. కానీ ఎలా పెంచాలి అన్న దగ్గరే తేడా వస్తుంది. మన ఎండు ఆకురాల్చు అడవుల్లో ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి: జామాయిలు లాంటి తోటలు వేయడం, ఉన్న మోళ్లను కాపాడి చిగురించనివ్వడం, అసలు ముట్టుకోకుండా వదిలేయడం.

ముందు జామాయిలు. దీన్ని ఊరికే తిట్టడం నాకిష్టం లేదు. ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో నీళ్లు లేని చెలకల్లో పత్తి వేసి దెబ్బతిన్న రైతులు జామాయిలు వేసుకుని ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. భద్రాచలం క్లోన్లు (మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) వచ్చాక 4 ఏళ్లకే కోతకు వస్తోంది, సారపాక పేపరు మిల్లు దగ్గరే ఉంది, నరికాక అదే మొద్దు నుంచి మళ్లీ పిలకలొచ్చి రెండో కోత కూడా ఇస్తుంది. అంత వేగంగా పెరిగే చెట్టు అంత వేగంగా కార్బన్‌ను పీల్చుకుంటుందన్నది కూడా నిజం. చెట్టు ఎండు బరువులో దాదాపు సగం కార్బనే, సరిగ్గా చెప్పాలంటే 47 శాతం అని లెక్క కడతారు. ఎండు బరువు 200 కిలోలున్న చెట్టులో 94 కిలోల కార్బన్ ఉన్నట్టు, అంటే గాలిలోంచి సుమారు 345 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకున్నట్టు.

కానీ ఆ 94 కిలోలు తర్వాత ఏమవుతున్నాయి? నాలుగేళ్లకు చెట్టు లారీ ఎక్కుతుంది, గుజ్జవుతుంది, కాగితం అవుతుంది, నోటుబుక్కో అట్టపెట్టో అయి ఏడాది రెండేళ్లలో చెత్తకుప్పలో చేరుతుంది. కాలినా కుళ్లినా మళ్లీ గాలిలోకే. అదే టేకు తలుపు అయితే తాత పెట్టించింది మనవడు తెరుస్తాడు. రైతు చెలకలో జామాయిలుంటే నాకు అభ్యంతరం లేదు, ఆ కాగితం కోసం అడవి వెదురు మీద పడకుండా ఉంటారు. అడవి భూమిలో జామాయిలు వేయాలంటే మాత్రం ముందు ఉన్న మోళ్లను పెకలించి, నేల చదును చేసి, ట్రాక్టరుతో దున్నాలి. ఇక్కడే అసలు నష్టం. మన దేశపు అడవుల్లో ఉన్న కార్బన్‌లో సగానికి పైగా చెట్లలో కాదు, మట్టిలో ఉంది. ఆకు రాలి, కుళ్లి, చెదలు తిని, వానకు లోపలికి దిగి ఏళ్ల తరబడి చేరిన నల్లమట్టి అది. దాన్ని దున్ని ఎండకు ఆరబెట్టి, పైన నాలుగేళ్ల చెట్టు పెట్టి కార్బన్ పెంచామంటే ఎలా ఒప్పుకోవాలి?

ఇంకో మాట. ప్రభుత్వ అడవి లెక్కలో ఒక హెక్టారు, అంతకు మించిన జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే అది అడవే. ఏ చెట్టు, ఎవరి భూమి అన్నది చూడరు. జామాయిలు తోట, మామిడి తోట అన్నీ అందులోకే వస్తాయి. ఆ లెక్కల 2021 నివేదికలో దేశంలోనే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లో 647, తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్ల అడవి పెరిగిందని చదివి నేనూ సంతోషించాను. అయితే అందులో ఇప్ప, తునికి, ఏగిస ఉన్న అడవి ఎంత, నాలుగేళ్లకు లారీ ఎక్కేది ఎంత అన్నది ఆ ఒక్క అంకె చూస్తే తెలియదు.

రెండో దారి మోడు చిగురు. నా ఓటు దీనికే. టేకు, నల్లమద్ది, చండ్ర, మోదుగ, తునికి ఇవన్నీ నరికినా చావని జాతులు. పైన ఏమీ లేనట్టు కనిపించినా కింద పెద్ద చెట్టు వేరు ఉంటుంది, అందుకే ఆ చిగురు మొదటి ఎండాకాలాన్ని అలవోకగా దాటేస్తుంది. నర్సరీ సంచిలోంచి వచ్చిన పసిమొక్కకు ఆ బలం ఎక్కడిది? చేయాల్సిన పని కూడా పెద్దదేమీ కాదు. పాడైన మోడును నేలకు దగ్గరగా, నీళ్లు నిలవకుండా కొంచెం ఏటవాలుగా కోయాలి. గుత్తిగా వచ్చిన పిలకల్లో గట్టివి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. అడవిని కమ్మేసే లాంటానా కంప పీకాలి, వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, మూడు నాలుగేళ్లు మేకల్ని, నిప్పును రానివ్వకూడదు. ఖర్చంతా కాపలాకే. ఖాళీ జాగాలుంటే అక్కడ మాత్రం ఇప్ప, ఉసిరి, నేరేడు నాటుకోవచ్చు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. కాపలా ఫోటోలో పడదు. లక్ష మొక్కలు నాటామంటే పేపర్లో వస్తుంది, లక్ష మోళ్లను మేకల నుంచి కాపాడామంటే ఎవరు రాస్తారు? తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు అన్నారు, అందులో 100 కోట్లు అడవుల లోపల, ఆ వంద కోట్లలో పాత వేళ్ల నుంచి అడవిని లేపడం కూడా ఉంది. అంటే ఈ పద్ధతి అధికారులకు తెలియనిది కాదు. అయినా జనం నోట్లో మిగిలింది మొక్కల అంకె ఒక్కటే.

కాపలా ఎవరు కాయాలి అంటే ఊరివాళ్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టారు. వెదురు అమ్మిన డబ్బు చేతికొచ్చిన చోట జనం రాత్రి కూడా కాపలా కాశారు, రాని చోట బోర్డు మాత్రం మిగిలింది. 2006 అటవీ హక్కుల చట్టం అయితే సామూహిక అడవిని కాపాడి, పెంచి, చూసుకునే హక్కే గ్రామసభకు ఇచ్చింది. పోడు పట్టాల గొడవలో పడి ఈ సామూహిక హక్కు గురించి అడిగేవాళ్లే తగ్గిపోయారు, నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది.

మూడో దారి, ముట్టుకోకుండా వదిలేయడం. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవి లోపల పెద్ద చెట్లున్న చోట ఇదే సరైనది, చేయి పెట్టకపోవడమే అక్కడ మనం చేయగల పని. ముట్టుకోకూడదంటే మనుషులే ఉండకూడదని మాత్రం కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు లేచే రోజుల్లో ముందుగా పొగ చూసేది, కొమ్మలతో కొట్టి ఆర్పేది ఆ అడవిలో ఉండే చెంచులే. వాళ్లను దూరం చేసి కార్బన్ కాపాడటం కుదిరే పని కాదు. ఇక ఊళ్లకు ఆనుకున్న, ఇప్పటికే గొడ్డలి పడ్డ అడవికి ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. కంచె వేస్తే పగలు ఆగుతారు, రాత్రి వస్తారు.

సముద్రం పక్కన లెక్క వేరు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో కార్బన్ ఎక్కువగా బురదలోనే ఉంటుంది, ఆటుపోటు నీళ్లు ఆగిపోతే ఎన్ని మొక్కలు నాటినా ఎండిపోతాయి. అక్కడ చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీళ్లు లోపలికి పారించాకే పాడైన చోట్ల మడ మళ్లీ లేచింది. అక్కడ నీటి దారి ఎంతో, మన గుట్టల మీద పాత వేరు అంత.

మీ ఊరి పక్క అడవికి ఏది సరిపోతుందో తెలుసుకోవాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. ఎండాకాలంలో ఆకు రాలి నేల కనిపిస్తున్నప్పుడు వెళ్లండి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు తాడుతో గీసుకుని మోళ్లు లెక్కపెట్టండి. ఒక్కో మోటి బెరడు గోటితో గీరితే కింద పచ్చదనం, తడి కనిపిస్తే బతికున్నట్టే. అలా అక్కడక్కడా పది చోట్ల చూసి, ఒక్కో గడిలో నాలుగైదు బతికున్నవి దొరికితే హెక్టారుకు 400, 500 చెట్లు నేలలో సిద్ధంగా ఉన్నాయన్నమాట. అక్కడికి ట్రాక్టరు రానివ్వకండి. జూన్‌లో గుంతల పని మొదలుకాకముందే, ఆ లెక్క కాగితం మీద రాసి గ్రామసభలో పెట్టండి.