బైండింగ్ వైరుతో మూడేళ్లు, ఒకే శిల్పం

మూడేళ్ల కిందట చెన్నై పెరంబూరులో మా సందు చివర హార్డ్‌వేర్ కొట్లో కిలో బైండింగ్ వైరు, అదే ఇల్లు కట్టేటప్పుడు ఇనుప ఊచల్ని కలిపి కట్టే సన్న తీగ, అడిగితే, కొట్టాయన చుట్ట తూకం వేస్తూ "ఇల్లు కడుతున్నారా అమ్మా?" అన్నాడు. లేదండీ, బొమ్మ చేస్తున్నాను అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, పక్కవాళ్లతో "కట్టుకంబి అమ్మ వచ్చింది" అంటాడు. తమిళంలో దీని పేరు అదే. ఇప్పటిదాకా ఆరు కిలోల పైనే కొని ఉంటాను. చేసిన శిల్పం మాత్రం ఒకటే, ఐదుసార్లు.

నేను ఆర్ట్ కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. బ్యాంకులో కౌంటరు దగ్గర ఇరవై ఏళ్లు కూర్చుని వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాను. కాబట్టి ఇది శిల్పి చెప్పే మాట కాదు, వాడినవాళ్లు చెప్పే మాటగా చదవండి.

ముందు శిల్పం సంగతి చెప్పాలి, లేకపోతే తీగ మీద నా కోపమూ ప్రేమా అర్థం కావు. మాది వెంకటగిరి. కండలేరు జలాశయం నుంచి చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే కాలువ మా వైపు నుంచే వస్తుంది. 1983లో ఒప్పందం కుదిరినప్పుడు బడిలో ఉన్నాను. 1996లో నీళ్లు మొదటిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరేనాటికి పెళ్లై ఈ ఊరు వచ్చేశాను. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెంబరంబాక్కం, రెడ్‌హిల్స్ చెరువులు ఎండిపోయి మా వీధిలో ట్యాంకరు కోసం రంగురంగుల బిందెలు బారులు తీరినప్పుడు అత్తయ్య రోజూ ఒకటే అడిగేది: "మీ ఊరి నీళ్లు ఎప్పుడొస్తాయే?" కాలువ తూములు నా కొంగున కట్టుకున్నట్టు!

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కండలేరు నుంచి ఊత్తుక్కోట్టై దగ్గర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు, అక్కణ్నుంచి పూండికి 25. కిలోమీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున 177 సెంటీమీటర్ల గీత గాల్లో నిలబెట్టాలనుకున్నాను. చూసేవాళ్లకు కాలువ గుర్తుకు రాకపోయినా ఫర్వాలేదు. దూరాన్నుంచి బయల్దేరిందేదో దారిలో తగ్గిపోతోందని కంటికి తెలిస్తే చాలు.

మొదటి నమూనాకు తీగ ముట్టుకోలేదు. ఈనెల చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి, అట్టపెట్టె ముక్కకు గుచ్చి, దారంతో కట్టాను. జానెడు పొడవు, పది నిమిషాల పని. కొబ్బరి ఈనెకు మొదలు లావు, కొస సన్నం. దాని వంపు దానికే ఉంటుంది. ఎంత బాగుందో! అట్టతో మొదలుపెట్టడం నామోషీ ఏమీ కాదు. పికాసో గిటార్ శిల్పం 1912లో ముందు అట్టా దారమూ తీగలతోనే పుట్టింది, రేకుతో చేసింది 1914లో. ఆ రెండూ న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి.

ఆ జానెడు నమూనా నన్ను నిలువునా మోసం చేసింది. అదే వంపును పద్దెనిమిది గేజి బైండింగ్ వైరుతో నిండు పొడవున చేసి, ఒక కొసను కిటికీ ఊచకు బిగించి చెయ్యి వదిలితే, రెండో కొస తిన్నగా వచ్చి నేలకు తగిలింది. తడిసిన దండెం తాడులా వేలాడింది. తర్వాత ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి లెక్క చెప్పింది. ఒక కొస మాత్రమే పట్టుకున్న తీగ పొడవు రెట్టింపు చేస్తే, తన బరువుకు తను వంగే వంపు పదహారు రెట్లవుతుందట. నేను రెట్టింపు కాదు, పదింతలు చేశాను. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే నా సలహా ఒకటే. చిన్న నమూనా చూసి మురిసిపోకండి, రెండోరోజే అసలు సైజులో ఒక చెత్త వెర్షను కట్టి చూడండి. కిలో వైరు ఖరీదు ఒక హోటల్ భోజనం కన్నా తక్కువ. ఆ ధరకు ఇంత త్వరగా మన తప్పు మనకు చూపించే వస్తువు ఇంకోటి నాకు దొరకలేదు.

ఇక తీగ గుణగణాలు. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పద్దెనిమిది గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, ఇరవై గేజి 0.9. పద్దెనిమిది గేజి కిలోకి నూట పది మీటర్లు వస్తుంది. ఫ్యాక్టరీలో బాగా కాల్చి మెల్లగా చల్లార్చడం వల్ల చేత్తోనే వంగేంత మెత్తగా ఉంటుంది. ఆ కాల్చినప్పటి నల్లటి పొరే మీ వేళ్లకూ, నైటీకీ, ఫ్రిజ్ హ్యాండిల్‌కీ అంటుకునేది. మా ఇంట్లో లైటు స్విచ్చులన్నీ నల్లబడ్డాయి.

మెత్తదనం మొదటి వంపుకే. అదే చోట అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచితే తీగ బిరుసెక్కి, ఆ తర్వాత పుటుక్కున తెగుతుంది. దిద్దుబాట్లు చేసేవాళ్లకు ఇది ముఖ్యం. మనసు మార్చుకోవచ్చు గానీ, ఒకే చోట పదే పదే మార్చుకోకూడదు. బిరుసెక్కిన చోటును గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచకుండా దానంతట దాన్ని చల్లారనిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఒకరోజు పొద్దున్నే పాలు పొంగే టైముకి నేను తీగ కాలుస్తుంటే మా ఆయన వచ్చి, చూసి, ఏమీ అనకుండా బయటికెళ్లి టీ తాగి వచ్చారు. ఒక జాగ్రత్త: తెల్లగా మెరిసే జీఐ వైరును (జింకు పూత వేసిన ఇనుప తీగ) మాత్రం ఎప్పుడూ మంటలో పెట్టకండి. ఆ పూత కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం తెప్పిస్తుంది.

చుట్టలోంచి తీసిన తీగ ఎప్పుడూ మెలికలతోనే వస్తుంది. వేళ్లతో సాపు చేయాలని చూస్తే ఉన్న మెలికలు పోవు, కొత్తవి పుడతాయి. ఒక కొసను బాల్కనీ గ్రిల్లుకు చుట్టి, రెండో కొసను కటింగ్ ప్లేయరుతో పట్టుకుని కాస్త సాగేదాకా గట్టిగా లాగితే గీసినట్టు తిన్నగా అవుతుంది. రెండు మూడు తీగలు కలిపి పురి పెట్టాలంటే కొసల్ని డ్రిల్లింగ్ మిషను మూతిలో బిగించి నెమ్మదిగా తిప్పాలి. పురి పడిన తీగ గట్టిగా, స్ప్రింగులా ఉంటుంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పని చేయకండి.

బాల్కనీ అన్నాను కాబట్టి కాకుల సంగతి కూడా. ముక్కలు అక్కడ వదిలేస్తే సాయంత్రానికి ఉండవు. ఈ ఊరి కాకులకు గూడు కట్టడానికి తీగంటే ప్రాణం. ఎదురు వేపచెట్టు మీద గూట్లో నావి కనీసం పాతిక ముక్కలున్నాయి. వాటికి అక్కడ సాగుతున్నట్టే ఉంది, ఊగడం లేదు, జారడం లేదు.

మూడో వెర్షనుకు మూడు తీగల పురి, కింద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మె. నిలబడింది! వారం రోజులు సంబరపడ్డాను. వానలు మొదలవగానే దిమ్మెలోంచి గోధుమరంగు చారలు కారాయి. ప్లాస్టరు తడిని పట్టి ఉంచుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. సిమెంటులో ఉండే క్షారం ఇనుమును కాపాడుతుంది గనక ఆ గొడవ చాలా తక్కువ. ఇప్పుడు పాత స్వీటు డబ్బాలో సిమెంటు పోసి దిమ్మె చేసుకుంటున్నాను. సముద్రపు గాలి ఉప్పు తగిలే ఊళ్లో మామూలు బైండింగ్ వైరు ఉత్తినే ఉంచితే ఒక్క ఈశాన్య రుతుపవనం చాలు. థిన్నరు గుడ్డతో తుడిచి రెండు పూతలు క్లియర్ లాకర్ వేస్తే మరో ఏడాది ఆగుతుంది. అంతకు మించి ఆశించకండి. నేల టైల్స్ మీద తుప్పు మరకలు నిమ్మకాయా ఉప్పూ పెట్టి రుద్దితే సగం పోయాయి. మిగతా సగం మీద కాలిపట్టా వేశాను.

ఆ మూడోదానికి ఇంకో జబ్బు ఉంది. సోఫాలోంచి చూస్తే బాగుండేది. వంటింట్లోంచి చూస్తే ఏదో విరిగిన గొడుగు. దాని ఫొటో ఫోన్లో పెట్టుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కంలో ఉన్న చోళమండల్‌కు వెళ్లాను. కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో తోటి కళాకారులతో, శిష్యులతో కలిసి మొదలుపెట్టిన కళాకారుల ఊరది. అక్కడ పి.వి. జానకిరామ్, ఎస్. నందగోపాల్ లోహపు పనులు చూస్తే నాకు ఊపిరి వచ్చింది. రేకును కొట్టి, అతికి, తీగలు అల్లి చేసిన ఆ శిల్పాలు చాలావరకు ఎదురుగా నిలబడి చూడాల్సినవి, గర్భగుడిలో మూలవిరాట్టును చూసినట్టు. వెనక నుంచి కూడా బాగుండాలన్న రూలేమీ లేదన్నమాట. అయితే వాళ్లు అలా ఎంచుకుని చేశారు, నాది చేతగాక అలా వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని విప్పేశాను.

ఇక్కడ బైండింగ్ వైరుకు పూర్తి మార్కులు. విప్పడం గంట పని. అంటించినదైతే విరగ్గొట్టాలి, వెల్డింగ్ చేసినదైతే కోయాలి. ఎం-సీల్ (పిండిలా కలిపి పెడితే గట్టిపడే జిగురు) పెట్టిన రెండు చోట్లు మాత్రం విప్పలేక కట్ చేశాను. అది రాయిలా పట్టుకుంటుంది, అందుకే నిర్ణయం అయ్యాక వాడాల్సిన వస్తువు అది. ముడి వేసి కట్టినదానికి పశ్చాత్తాపపడే అవకాశం ఉంటుంది.

నాలుగోసారి లెక్కల పిచ్చి పట్టింది. కృష్ణా నీళ్లలో తమ వాటాల్లోంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర చెన్నైకి ఇవ్వాల్సింది తలా 5 టీఎంసీలు, మొత్తం 15. దారి నష్టం 3 తీసేస్తే సరిహద్దు దగ్గర చెన్నైకి అందాల్సింది 12. సరే, పదిహేను తీగలతో మొదలుపెట్టి దారిలో మూడింటిని ఆపేసి పన్నెండుతో ముగించాను. రెండు నెలలు పట్టింది. అర్థం ఎంత లోతుగా ఉందో అని నాకు నేనే పొంగిపోయాను. అత్తయ్య చుట్టూ తిరిగి చూసి, "కరెంటు తీగల కట్టలా ఉందే. తగ్గడం ఎక్కడ?" అంది. నిజమే. పదిహేనుకూ పన్నెండుకూ తేడా కంటికి తెలియదు, వేలుపెట్టి లెక్కపెట్టాలి. కాగితం మీద నిజమైన సంఖ్య గాల్లో అబద్ధమైంది. ఆ రాత్రి లైటు తీసేసి, సెల్‌ఫోన్ టార్చి వేసి గోడ మీద నీడ చూశాను. నీడలో ఒక నల్లటి పట్టీ తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచి ప్రతి మార్పునూ ముందు నీడలో చూస్తున్నాను. రంగు, మెరుపు, మనం పడ్డ కష్టం, ఇవేవీ నీడలో పడవు. గీతలు మాత్రమే పడతాయి.

ఐదోదానికి సంఖ్యల్ని వదిలేశాను. ఏడు తీగలు ఒకే మొదలు నుంచి బయల్దేరతాయి. ఒక్కొక్కటీ ఒక్కో చోట ఆగిపోతుంది, ఒకటి కాస్త ముందుగా, ఒకటి అలిసిపోయినట్టు కిందికి వాలి. చివరి ఇరవై ఐదు సెంటీమీటర్లు ఒంటి తీగే. తమాషా ఏమిటంటే, బరువు సమస్య కూడా దీంతోనే తీరింది. మొదట్లో లావు, కొసకు సన్నం కాబట్టి కొస బరువు మొదటిని లాగదు. మూడేళ్ల తర్వాత తిరిగి తిరిగి చేరింది ఈనెపుల్ల దగ్గరికే. ఈ వెర్షనులో మొదలు భాగానికి జీఐ వైరు వాడాను, తుప్పు భయం తక్కువ. కానీ అది మొండిది, చెప్పిన మాట వినదు. ఆలోచించేటప్పుడు బైండింగ్ వైరు, తేలిపోయాక జీఐ, ఇలా రెండూ ఉంచుకోవడమే నయం.

అల్యూమినియం తీగ కూడా కొన్నాను. ఉక్కు బరువులో మూడోవంతు, తుప్పు లేదు. కానీ మరీ మెత్తన, దుమ్ము దులిపితేనే రూపం మారిపోతుంది. పక్కన పెట్టేశాను.

తీగతో శిల్పాలు చేసి పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్ కాల్డర్ 1955లో అహ్మదాబాద్ వచ్చి అక్కడి మిల్లు యజమానులు సారాభాయ్‌ల దగ్గర ఉండి కొన్ని పనులు చేశాడు. ఆయన చేసినవాటిలో చాలా శిల్పాలకు గాలి తగిలితే కదలడమే అందం. నా శిల్పానికి అదే తంటా. హాల్లో ఫ్యాను మూడులో పెడితే ఒంటి తీగ కొస వణుకుతుంది. రెండులో పెడితే కదలదు గానీ చెన్నై మే నెలలో రెండు ఎవరికి చాలుతుంది? కొసకు పురి పెడితే వణుకు ఆగుతుంది, సన్నదనం పోతుంది. అమ్మాయి వణకనీ అంటోంది. అత్తయ్య మాత్రం దాని కింద కుర్చీ వేసుకుని, కొస వైపు చూస్తూ, "వస్తున్నాయా?" అని అడుగుతోంది. నిన్న ఇంకో కిలో తెచ్చాను.