లూజ్ టేబుల్‌కి ఏ పోకర్? బెంగళూరు నుంచి నా సమీక్ష

మారతహళ్లి, బెల్లందూరు చుట్టుపక్కల మన తెలుగువాళ్లు శనివారం రాత్రి ఇళ్లలో వేసుకునే పోకర్‌లో ముక్కలు పడేసేవాళ్లు తక్కువ. చాలామంది పేకలో ఓనమాలు దిద్దుకున్నది మూడు ముక్కలాటతో. అక్కడ డబ్బు కట్టి షో అడగడమే మజా, చూడకుండా పడేస్తే పిరికితనం. ఆ అలవాటు పోకర్‌లోనూ పోదు. ‘ఇంకొక్క కార్డు చూద్దాం మామా’ అంటూ ఫ్లాప్‌కి (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలకి) అయిదుగురు మిగులుతారు. ఇలాంటి ‘లూజ్’ టేబుల్ మీద ఏ రకం పోకర్ గిట్టుబాటు అవుతుంది? కొన్నేళ్లుగా అన్ని రకాలూ ఆడాక నా ఓటు నాలుగు ముక్కల ఓమహాకే. ఎందుకో చెప్తాను.

ముందు హోల్డెమ్ సంగతి, అంటే చేతికి రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు ఉండే ఆట. ‘లూజ్ టేబుల్‌లో రెండు ఆసులు వచ్చినా నిలవవు’ అని ఏడ్చేవాళ్లను ప్రతి వారం చూస్తాను. లెక్క వేరే చెబుతుంది. ఆసుల జతకి ఏదో ఒక చేతి మీద గెలిచే అవకాశం సుమారు 85 శాతం. ఎదురుగా నలుగురుంటే అది 56 దగ్గరికి పడిపోతుంది. కానీ అయిదుగురూ సమానంగా డబ్బు పెట్టిన కుండలో (పాట్) మన న్యాయమైన వాటా 20 శాతమే కదా! అంటే దాదాపు మూడింతలు వస్తోంది. ఓడిన రాత్రులు గుర్తుంటాయి, ఈ లెక్క గుర్తుండదు. ఇక్కడ చేయాల్సింది బ్లఫ్ పూర్తిగా మానేయడం, మంచి చెయ్యి వస్తే మామూలు కంటే పెద్దగా రెయిజ్ చేయడం, అంటే పందెం పెంచడం. మూడు బ్లైండ్లకి (బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందెం) పిలిచేవాడు, అంటే అంత డబ్బూ కట్టి ఆటలో ఉండేవాడు, ఆరు బ్లైండ్లకీ పిలుస్తాడు. ఇంతకన్నా తెలివి అక్కర్లేదు. ఓపిక మాత్రం బోలెడు కావాలి. చేత్తో పంచే ఆటలో గంటకు పాతిక పంపకాలు పడితే గొప్ప, అందులో ఆడదగ్గవి నాలుగైదు. మిగతా సమయమంతా చిప్స్ నములుతూ కూర్చోవాలి.

ఓమహాలో నాలుగు ముక్కలొస్తాయి. అందులోంచి కచ్చితంగా రెండు, బోర్డు మీదనుంచి కచ్చితంగా మూడు వాడాలి. హోల్డెమ్ అలవాటుతో వచ్చినవాళ్లు తడబడేది ఈ ‘కచ్చితంగా’ దగ్గరే. బోర్డు మీద నాలుగు ఇస్పేట్లు పడి, చేతిలో ఒక్క ఇస్పేటు ఆసు ఉంటే ఫ్లష్ (ఒకే గుర్తు అయిదు ముక్కలు) అనుకుని చిప్స్ తోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాలుగు ముక్కల్లో ఆరు జతలుంటాయి కాబట్టి ప్రతి చెయ్యీ అందంగానే కనిపిస్తుంది, అందరూ వస్తారు.

నా అనుభవంలో అసలు రాబడి వచ్చేది రెండో నంబరు చేతుల నుంచి. హోల్డెమ్‌లో కింగ్ ఫ్లష్ (కింగ్ పెద్ద ముక్కగా ఉన్నది) పడితే దాదాపు ధీమాగా ఉండొచ్చు. ఓమహాలో అయిదుగురు ఫ్లాప్ చూస్తే ఆసు ఫ్లష్ ఎవరి దగ్గరో ఉండే ప్రమాదం చాలా ఎక్కువ. లూజ్ ప్లేయర్ కింగ్ ఫ్లష్‌తో, ఒక్కోసారి తొమ్మిది ఫ్లష్‌తో కూడా రివర్ (బోర్డు మీద చివరి ముక్క) దాకా కడతాడు. స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) డ్రాలూ, అంటే ఇంకా పూర్తి కాని చేతులూ అంతే. హోల్డెమ్‌లో రెండు వైపులా తెరిచిన డ్రాకి 8 ముక్కలు పనికొస్తాయి. ఓమహాలో 9-8-2 బోర్డు మీద J-10-7-6 పట్టుకుంటే 20 ముక్కలు. ఎదుటివాడు ‘నాకూ స్ట్రెయిట్ డ్రా ఉంది’ అనుకుంటాడు, వాడిది చిన్నదని వాడికి పట్టదు.

అయితే ఫ్లాప్‌కి ముందు డబ్బు ఊదేయడం ఇక్కడ పెద్దగా పనిచేయదు. చేతుల మధ్య తేడా తక్కువ. పాట్ లిమిట్ (కుండలో ఉన్నంత మేరకే పందెం పెంచే నియమం) కాబట్టి 10-20 బ్లైండ్లలో, ముందు ఎవరూ పిలవకపోతే, మొదటి రెయిజ్ 70 దాటదు కూడా. ఆసులు చూడగానే ఉత్సాహపడకుండా, పక్కన రంగు కలిసే ముక్కలున్నాయా అని చూడాలి. ఎత్తుపల్లాలు భయంకరం. హోల్డెమ్‌కి పక్కన పెట్టుకునే డబ్బుకి కనీసం రెట్టింపు లేకపోతే ఈ టేబుల్ దగ్గరకి వెళ్లొద్దంటాను.

అయిదు, ఆరు ముక్కల ఓమహా ఇప్పుడు కుర్రాళ్లకి పిచ్చి. నాకు నచ్చలేదు. జతలు పది, పదిహేను అయ్యేసరికి అడ్డదిడ్డంగా పిలిచేవాడి చేతిలోనూ ఏదో ఒకటి తగులుతుంది, వాడి తప్పుకి శిక్ష తగ్గుతుంది. 36 ముక్కల షార్ట్ డెక్‌దీ అదే జబ్బు.

కాగితం మీద అన్నిటికన్నా లాభసాటిది ఓమహా హై-లో, అంటే కుండలో సగం పెద్ద చేతికి (హై), సగం చిన్న చేతికి (లో) పోయే ఆట. ముగ్గురు తలా 1000 పెట్టారనుకోండి. ఇద్దరి దగ్గర ఒకే రకం లో ఉంటే, 3000లో సగాన్ని పంచుకుని చెరో 750 తీసుకుంటారు. ‘గెలిచి’ కూడా 250 పోగొట్టుకున్నట్టు! లో చేతులతో రెయిజ్ చేసే లూజ్ ప్లేయర్లకి ఇది అర్థం కాదు. చిక్కేమిటంటే పంపకం దగ్గర గొడవలు. రెండోసారి ఎవరూ ఆడనివ్వరు.

యాప్‌ల గురించి రాయడం లేదు. 2023 ఏప్రిల్‌లో నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అక్టోబరులో డిపాజిట్ల మీద 28 శాతం జీఎస్టీ వచ్చినప్పుడే లూజ్ ప్లేయర్లు పలచబడ్డారు. 2025 ఆగస్టు కేంద్ర చట్టంతో ఆన్‌లైన్ డబ్బు ఆటలే మూతపడ్డాయి. బయట ఒక ప్రైవేటు టేబుల్‌లో ప్రతి కుండలోంచి పరిమితి లేకుండా అయిదు శాతం కమిషన్ తీసుకున్నారు. ఓమహాలో కుండలు పెద్దవి కాబట్టి దెబ్బ అక్కడే గట్టిగా తగిలింది. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

మా ఇంటి ఆటలో ఒక రౌండ్ హోల్డెమ్, ఒక రౌండ్ ఓమహా పెట్టించాను. ఓమహా ఒక్కటే అంటే సగం మంది రారు. ఇలా అయితే అభ్యంతరం ఉండదు, పైగా హోల్డెమ్‌లో పోయిన డబ్బు ఓమహాలో రాబట్టుకోవాలన్న తొందర కూడా టేబుల్ మీదకి వస్తుంది.