పెద్ద అక్షరాల బైబిలు: ఒక బైండరు చూపు

విజయవాడలో 27 ఏళ్లు బైండింగ్ పని చేసినవాణ్ణి. పుస్తకం చేతికొస్తే ముందు చదవను, వీపు చూస్తాను. ఈ పెద్ద అక్షరాల తెలుగు బైబిలునూ అలాగే చూశాను.

పోయిన ఆగస్టులో మా ప్రెస్సు మూతపడింది. తర్వాత మూడు నెలలు, పొద్దున లేస్తే వెళ్లడానికి చోటు లేక, మంచం మీదే గడిపాను. పాత బైబిల్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయని సాకు చెబుతుంటే మా ఆవిడ చీటీ డబ్బుల్లోంచి 850 రూపాయలు పెట్టి ఇది కొని తెచ్చి నా ముందు పెట్టింది.

ముందు పనితనం. ఫారాలను, అంటే మడిచిన పేజీల కట్టలను, దారంతో కుట్టారు, వట్టి జిగురుతో అంటించి వదిలేయలేదు. ఇంత లావు పుస్తకానికి కుట్టే ప్రాణం. అచ్చు నా కంటికి 14 పాయింట్లు ఉంటుంది, అద్దాలు లేకపోయినా చదవగలిగాను. కాగితం మాత్రం మరీ పలచన. రాత్రి ట్యూబులైటు కింద అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి తేలుతాయి. యెషయా గ్రంథం దగ్గర రెండు ఫారాలకు సిరా చాలక బూడిద రంగు తిరిగింది. మా ప్రెస్సులో అయితే వాటిని పక్కన పడేసేవాళ్లం. గుర్తు రిబ్బను కొస వారానికే పీచు లేచింది. జిప్పు అట్ట శుద్ధ దండగ, దాని పళ్లు పేజీల అంచులను కొరుకుతాయి. బరువా, పడుకుని గుండెల మీద పెట్టుకునే రకం కాదు. అది లోపమే, కానీ దానివల్లే నేను మంచం దిగి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఈ 66 పుస్తకాల సంపుటిని నడిమికి తెరిస్తే కీర్తనలు తగులుతాయి. కాస్త వెనక్కి తిప్పితే 42వది. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" 42, 43 కలిపి ఆ ప్రశ్న మూడుసార్లు వస్తుంది. ఒక్కసారి అడిగితే తీరే దిగులు కాదని రాసినవాడికీ తెలుసన్నమాట. జవాబు, దేవునియందు నిరీక్షణ ఉంచమని. చర్చిలో వందలసార్లు విన్న మాటే. బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ, బయట మనకు ఆ మాటకు అర్థం ఎదురుచూడటం. అక్కడ ఆశ అని వేసి ఉంటే నాకింతగా పట్టేది కాదేమో, ఆ మాటకు మన భాషలో కాస్త అత్యాశ వాసన ఉంది. ఎదురుచూడటమైతే ఏమీ చేతగాని రోజునా చేయవచ్చు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం నాలుగుసార్లు చదివాను. ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకుంటాడు. వచ్చిన దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దాకా 40 రోజులు నడిచాక గాని దేవుడు అతనికి కొత్త పని అప్పగించలేదు. నన్ను పలకరించడానికి వచ్చినవాళ్లు ఈ వరుసను తిరగేశారు. ముందు ప్రసంగం, తర్వాత ఉద్యోగాల సలహా. అన్నం తిన్నావా అని అడిగింది ఇద్దరే.

88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. ఊరటకని చివర ఒక్క ముక్కా అతికించలేదు. డిసెంబరు వచ్చిందంటే మేము బైబిలు వాగ్దాన వచనాలు అచ్చువేసిన క్యాలెండర్లు వేలల్లో తయారుచేసేవాళ్లం. వాటిలో ఈ కీర్తన చూసిన గుర్తు నాకు లేదు. ఇక్కడ దానికీ అదే 14 పాయింట్ల అచ్చు. దేవుడి ముందు అలా మాట్లాడినా ఆయన పుస్తకంలోంచి తీసేయలేదనిపించి, ఆ రాత్రి నేనూ మనసులో ఉన్నది దాచకుండా చెప్పుకున్నాను.

ఉద్యోగం ఇంకా దొరకలేదు. జిప్పు అట్ట ఊడదీసి, మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, నల్ల రెక్సిన్‌తో కొత్త అట్ట కట్టాను. రిబ్బను మార్చాను. అది చూసి పాస్టరు గారు వీపు ఊడిన పాత బైబిళ్లు రెండు ఇచ్చి వెళ్లారు.

మీరు కొనేటట్లయితే జిప్పు లేనిది అడగండి. కొట్లోనే కీర్తనల దగ్గర తెరిచి బల్ల మీద పెట్టి చేయి తీయండి. దానంతటది మూసుకుంటే ఇంకొకటి చూపించమనండి. సిరా సరిగా పడిందో లేదో యెషయా దగ్గర ఒకసారి తిప్పి చూసుకోండి.