పెద్దపేగు ఆపరేషన్ తర్వాత టెస్టులకి మేం వెళ్లే మహారాణిపేట ల్యాబ్

మా నాన్నకి పెద్దపేగు కేన్సర్ ఆపరేషన్ అయ్యి ఏడాదిన్నర, మూడో స్టేజ్ కాబట్టి తర్వాత కీమో కూడా ఇచ్చారు. ఇప్పుడు మూడు నెలలకోసారి సీఈఏ బ్లడ్ టెస్ట్ (కేన్సర్ తిరగబెడుతుంటే రక్తంలో పెరిగే అవకాశం ఉన్న ఒక ప్రోటీన్ కోసం చూసేది), మధ్యలో సీటీ స్కాన్. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే అంట, అందుకే ఇంత దగ్గర దగ్గరగా చేయిస్తారు. గాజువాక నుంచి పనిగట్టుకుని మహారాణిపేట వరకూ ఈ ల్యాబ్‌కే వెళ్తాం.

ముఖ్యంగా రక్తం తీసే అబ్బాయి కోసం. కీమో పడ్డాక నాన్న చేతికి నరం దొరకదు, వేరే చోట మూడుసార్లు గుచ్చి వదిలేశారు. ఇతను మాత్రం అరచేయి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు వెచ్చగా రుద్ది, సన్న బటర్‌ఫ్లై నీడిల్‌తో ఒక్కసారికే తీసేస్తాడు. ఇప్పుడు నాన్న "ఆ అబ్బాయి ఉన్నాడా కనుక్కోమ్మా, ఉంటేనే వెళ్దాం" అంటారు.

ఒకసారి ఎండలకి భయపడి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే వేరే ల్యాబ్‌కి ఇచ్చాం, ఎప్పుడూ 2 దగ్గర ఉండే సీఈఏ 3.9 వచ్చింది, 5 లోపు నార్మల్ అని రిపోర్ట్‌లోనే ఉన్నా ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. డాక్టర్ గారేమో ఒక్క నంబర్ చూసి కంగారు పడకండి, మెషీన్ మారితే, కిట్ మారితే తేడా వస్తుంది, ఎప్పుడూ చేయించే చోటే చేయించండి అన్నారు. ఇక్కడ మళ్లీ చేస్తే 2.2. పాత నంబర్లన్నీ తేదీలతో ఒకే కాగితం మీద ప్రింట్ చేసి ఇచ్చారు కూడా, అడక్కుండానే.

సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) తప్పకుండా చూస్తారు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి యూరిన్ వచ్చేసినట్టు ఉంటుంది, భయపడకండి బాబాయ్ అని టెక్నీషియన్ ముందే చెప్పింది, ఆ ఒక్క మాటకి నాన్న ధైర్యంగా పడుకున్నారు. పాత స్కాన్ సీడీ పట్టుకెళ్లండి, పోల్చి రాస్తారు.

బాగోలేనిది ఒకటే, రిపోర్ట్ సాయంత్రం వాట్సాప్‌లో పంపుతాం అంటారు, వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం, ఫోన్ చేస్తే ఎత్తరు. మనం ఎలా ఎదురుచూస్తుంటామో వాళ్లకి తెలియాలి కదా. అందుకే ఒక స్టార్ తగ్గించా.

కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) ఇక్కడ లేదు, అది ఏడాదికి హాస్పిటల్లోనే అయింది, క్లియర్‌గా ఉంది, మళ్లీ మూడేళ్లకి రమ్మన్నారు. వచ్చే నెల సీఈఏకి మాత్రం మళ్లీ ఇక్కడికే.